పాత ఇంటికి కొత్త పునాది: విజయనగరంలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ కార్యాలయం పనితీరుపై సమీక్ష

విజయనగరంలో పాత ఇంటికి వెనుక గదులు కలుపుకోవాలన్నా, ఉన్న ఇంటిపై మేడ వేసుకోవాలన్నా చాలామంది మొదట పిలిచేది తాపీ మేస్త్రిని. ఆయన గోడ మీద చెయ్యి వేసి చూసి "ఇల్లు గట్టిదే, ఇంకో అంతస్తు మోస్తుంది" అంటే ఆ మాట మీదే పని మొదలైపోతుంది. గోడ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి ఎవరైనా ఒక మాట చెప్పగలరు. కింద పునాది ఎంత వెడల్పున, ఎంత లోతున, ఎలాంటి నేల మీద కూర్చుందో తవ్వి చూడకుండా ఎవరూ చెప్పలేరు. మా ఇంటి విస్తరణకు పునాది రూపకల్పన చేయించుకున్న కార్యాలయం గురించి రాస్తున్న ఈ సమీక్షలో ఆ సంస్థ పేరు ఇవ్వడం లేదు. ఇందులో మెప్పుతో పాటు గట్టి ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైగా పేరు కంటే, ఇలాంటి కార్యాలయం నుంచి మనం ఏ పని రాబట్టుకోవాలో తెలియడమే పాఠకులకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

మా ఇల్లు పెద్దచెరువుకు మరీ దూరం కాని పేటలో 1980లలో కట్టినది. పిల్లర్లు లేవు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలే స్లాబును మోస్తాయి. పడమర ముఖం, తూర్పున పెరడు. ఇంటి మధ్యగా ఉత్తర దక్షిణాలకు సాగే ఒక గోడ ముందు గదిని, వెనుక గదిని విడదీస్తుంది. మా అవసరాలు రెండు: పెరటి వైపు వంటగది, స్నానాలగదితో సహా ఒక పడకగది ఇప్పుడే కలుపుకోవడం, కొన్నేళ్ల తరువాత పైన మేడ వేసుకోవడం. ఈ రెండింటికీ కలిపి ఒకేసారి పునాది ఆలోచన చేయించాలన్నది మొదటి నుంచీ ఉన్న కోరిక, ఎందుకంటే వెనుక గదుల పునాదులు తవ్వి పూడ్చేశాక, మేడ కోసం మళ్లీ అదే నేలను తవ్వడం ఖర్చుతో పాటు ప్రమాదం కూడా.

ఈ కార్యాలయానికి వెళ్లే ముందు ప్లాన్లు గీసే మరొకరి దగ్గర ఒక నమూనా తీసుకున్నాం. ఇల్లు చూడకుండానే, స్థలం కొలతలు ఫోనులో తీసుకుని, ప్రతి పిల్లరుకూ అయిదడుగుల చదరం ఫుటింగు (పిల్లరు బరువును నేల మీద పరిచే కాంక్రీటు పీఠం), అయిదడుగుల లోతు అని గీసి పంపించారు. ఖాళీ స్థలంలో కొత్త ఇంటికి అది సరిపోయేదేమో కానీ, పాత గోడకు ఆనుకుని ఆ లోతున గొయ్యి తవ్వితే ఏం జరిగేదో తరువాత ఈ కార్యాలయం ఇంజనీరు వివరించినప్పుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టేశాం.

ఈ కార్యాలయం వారు మొదటి సందర్శనలో కొలతల టేపు బయటికి తీయకముందే పెరట్లో ఒక చుట్టు తిరిగి, మా అమ్మను అడిగిన ప్రశ్న: "అమ్మా, ఈ ఇంటి నుయ్యి ఎక్కడుండేది?" నుయ్యి ఉండేదా అని కాదు, ఎక్కడుండేది అని. కుళాయిలు రాకముందు కట్టిన ఇళ్లలో పెరటి నుయ్యి లేని ఇల్లు అరుదనీ, వాస్తు ప్రకారం దాన్ని ఈశాన్యంలోనే తవ్వేవారనీ, ఇప్పుడు అదే వాస్తు ప్రకారం ఇంటిని ఈశాన్యం వైపు పెంచడం మంచిదంటారు కాబట్టి కొత్త గదుల మూల పిల్లరు తిన్నగా పూడ్చిన నూతి మీదికే వచ్చి పడుతుందనీ ఇంజనీరు చెప్పారు. "ఇదిగో బాబూ, ఈ జామచెట్టుకి ఇటుపక్క" అని అమ్మ చూపించిన చోటు, గీసి తెచ్చుకున్న నమూనాలోని మూల పిల్లరుకు చేతికి అందేంత దూరంలోనే ఉంది. కంప్యూటరు లెక్కలు ఎవరైనా చేయగలరు; ఈ ఊరి ఇళ్లు ఎలా కట్టారో, ఎలా మారాయో తెలిసినవారు మాత్రమే అడగగల ప్రశ్న ఇది. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించిన భాగం ఇదే.

తరువాత పాత పునాదిని తెరిచి చూశారు. వెనుక గోడ పక్కన ఒకటి, మధ్యగోడ పునాది బయటికి తేలే ఉత్తరపు సందులో ఇంకొకటి, మొత్తం రెండు చిన్న గోతులు తవ్వించారు. ఈ పనిలో చూపిన జాగ్రత్త చెప్పుకోదగినది. గొయ్యి పొడవు నాలుగడుగులు మించనివ్వలేదు; గునపం వాడనివ్వకుండా పునాది పక్కన మట్టిని చిన్న పారతో తీయించారు; పునాది అడుగు కనిపించగానే ఆపించి, దాని కిందికి ఒక్క అంగుళం కూడా తవ్వనివ్వలేదు. బండరాళ్ల కట్టుబడి రెండున్నర అడుగుల వెడల్పు, నేల మట్టం నుంచి మూడడుగుల లోతు ఉన్నట్లు తేలింది. ఇంజనీరు రాళ్ల మధ్య సున్నాన్ని ఇనుప చువ్వతో గీకి చూశారు. అది పొడిగా రాలకుండా చువ్వకు అడ్డుతగలడం చూసి సిమెంటు కలిసిందని నిర్ధారించారు. అడుగున మట్టిని గుప్పిట్లోకి తీసుకుని తడిపి, పిసికి, వేళ్ల మధ్య పొడవుగా నలిపి చూశారు. తాడులా సాగకుండా విరిగిపోయింది. ఎర్రటి ఇసుక పాలు ఎక్కువున్న మట్టి అనీ, నల్లరేగడిలా తడికి ఉబ్బి ఎండకు బీటలు తీసే రకం కాదనీ అక్కడికక్కడే చెప్పారు. ప్రయోగశాల నివేదిక కూడా తరువాత అదే చెప్పింది. వెనుక గోడ కిటికీ కింద ఉన్న పాత పగులు మీద అడ్డంగా చిన్న గాజు ముక్కను అతికించి, పక్కన తేదీ రాసి వెళ్లారు. గోడ ఇంకా కదులుతూ ఉంటే గాజు విరుగుతుంది. అది విరగలేదు కాబట్టి ఆ పగులు ఎప్పుడో వచ్చి ఆగిపోయినదని నిర్ధారించి, డిజైన్ మొదలుపెట్టారు.

మట్టి పరీక్షకు పెరట్లో ఒకే బోరు వేయించారు. చిన్న కట్టడాలకు మధ్యలో ఒక బోరు గాని, పరీక్ష గొయ్యి గాని చాలునని నేల పరిశీలనకు భారత ప్రమాణాల (ఐఎస్) కోడ్ అయిన ఐఎస్ 1892 కూడా అంగీకరిస్తుంది కనుక ఇందులో పిసినారితనం ఏమీ లేదు. బోరులో చేసేది ప్రామాణిక పెనెట్రేషన్ పరీక్ష: 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదులుతూ గొట్టాన్ని నేలలోకి 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్లను వదిలేసి మిగతా 30కి పట్టిన దెబ్బలను లెక్కిస్తారు. మా పునాది లోతులో 13 దెబ్బలు వచ్చాయి. దాన్ని బట్టీ, మట్టి గుణాలను బట్టీ నేల సురక్షితంగా మోయగల బరువును చదరపు మీటరుకు 11 టన్నులుగా ఖరారు చేశారు. మన ప్రాంతంలో చాలాచోట్ల ఎర్రమట్టి కింద ఖొండలైటు రాయి క్షయమై మెత్తబడిన పొర ఉంటుంది. ఎండాకాలంలో అది గునపానికి లొంగనంత గట్టిగా ఉండి, వాన నీరు దిగాక మెత్తబడిపోతుంది. అందుకే వేసవిలో గొయ్యి తవ్వి "రాయిలా ఉంది" అని సంతోషించవద్దని నివేదిక చివర ఒక వాక్యం ప్రత్యేకంగా రాశారు.

ఇక అసలు లెక్క. మేడ వేస్తే పాత పునాది మోస్తుందా లేదా అన్నదానికి ఈ కార్యాలయం ఇచ్చిన జవాబు, మేస్త్రి ఇచ్చినట్లు అవునని గాని కాదని గాని ఒక్క ముక్కలో లేదు. గోడ గోడకూ విడిగా లెక్క కట్టారు. సామాన్యులకు కూడా అర్థమయ్యే ఆ లెక్కను వారి నివేదిక ఆధారంగా ఇక్కడ సరళంగా చెబుతాను. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మూడు మీటర్ల ఎత్తున ఉంటే మీటరు పొడవుకు దాదాపు 1.4 టన్నులు తూగుతుంది. స్లాబు, దానిపై పూత, మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 600 కిలోలు. గదులు మూడున్నర మీటర్ల వెడల్పున ఉన్నాయి కాబట్టి, బయటి గోడ మీద ఒక గదిలో సగం స్లాబు, అంటే మీటరుకు 1.05 టన్నులు పడుతుంది. మధ్యగోడ మీద రెండు పక్కల గదుల నుంచీ పడుతుంది కాబట్టి 2.1 టన్నులు. పునాది, బేస్‌మెంటు సొంత బరువు ఇంకో 2 టన్నులు. ఇదంతా రెండున్నర అడుగుల, అంటే 0.75 మీటర్ల వెడల్పున్న పునాది మీద పరుచుకుంటుంది. ఇప్పటి స్థితిలో బయటి గోడ కింద నేల మీద ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 6 టన్నులు, మధ్యగోడ కింద 7.3 టన్నులు. మేడ వేస్తే బయటి గోడ కింద 9.2 టన్నులకు చేరుతుంది, అది 11 లోపే ఉంది. మధ్యగోడ కింద మాత్రం 12 టన్నులకు చేరుతుంది.

వానకు తడిసి, ఎండకు ఎండి, పెచ్చులూడి బలహీనంగా కనిపించే బయటి గోడలు గట్టెక్కాయి. ఇంటి నడుమ ఏ మచ్చా లేకుండా నున్నగా ఉన్న గోడ తప్పింది. మా మేస్త్రి దీన్ని ఒప్పుకోలేదు. ఒక్క టన్ను తేడాకు ఇల్లు కూలిపోతుందా అన్నారు. కూలదని ఇంజనీరు కూడా అన్నారు, ఎందుకంటే ఆ 11 అన్న అంకెలో ముందే రెండున్నర రెట్ల భద్రత ఉంది. అసలు సమస్య కూలడం కాదు, మధ్యగోడ ఒక తీరున, బయటి గోడలు మరో తీరున కుంగడం. కాంక్రీటు ఫ్రేము కట్టడాల్లోనే పక్కపక్క ఫుటింగుల కుంగుబాటులో తేడా వాటి మధ్య దూరంలో 0.0015 వంతు మించకూడదని పునాదుల కోడ్ ఐఎస్ 1904 చెబుతుంది. నాలుగు మీటర్ల దూరానికి అది 6 మిల్లీమీటర్లు. ఇటుక గోడల ఇళ్లకు పరిమితి ఇంకా తక్కువ. "మాస్టారూ, పడిపోయే ఇల్లు ఒక్కసారే భయపెడుతుంది, పగిలే ఇల్లు రోజూ భయపెడుతుంది" అని ఆయన అన్న మాటకు మా మేస్త్రి కూడా నవ్వారు.

పరిష్కారంగా రెండు దారులు చూపించారు. మొదటిది, పైన మధ్యగోడను ఎర్ర ఇటుకతో కాకుండా లోపల గాలి బుడగలుండే తేలికైన ఏఏసీ కాంక్రీటు దిమ్మలతో కట్టడం. ఎనిమిది అంగుళాల దిమ్మల గోడ పూతతో కలిపి మీటరుకు అర టన్ను పైచిలుకు మాత్రమే ఉంటుంది కనుక ఒత్తిడి 10.9కి దిగుతుంది. లెక్క ప్రకారం గట్టెక్కినట్లే. కానీ 11కు 10.9 అంటే వెసులుబాటు ఏమీ లేనట్లేననీ, రేపు ఎవరైనా ఆ గోడకు గ్రానైటు అరలు బిగించినా, పైన నీళ్ల ట్యాంకు పెట్టినా లెక్క తప్పుతుందనీ చెప్పి, తామే ఇచ్చిన ఆ దారిని తామే వద్దన్నారు. రెండోది, మధ్యగోడ రెండు చివరలకు సూటిగా, ఇంటి బయట ఉత్తర దక్షిణపు సందుల్లో ఒక్కో పిల్లరు లేపి, వాటి మధ్య పాత స్లాబుకు పైన ఇరవై రెండు అడుగుల పొడవు, రెండడుగుల లోతు ఉన్న బీము వేసి, పై అంతస్తు మధ్యగోడను, దాని మీదికి వచ్చే స్లాబును ఆ బీము మీదే కూర్చోబెట్టడం. బీము అడుగున అంగుళం మందం థర్మోకోల్ పెట్టి పాత స్లాబును తాకకుండా చేయడం వల్ల కింది గోడకు పైబరువు అసలు తెలియదు. ఒక్కో పిల్లరుకు వచ్చే దాదాపు 13 టన్నులకు నాలుగడుగుల చదరం ఫుటింగు హాయిగా సరిపోతుంది. సందులు వెడల్పుగా ఉండటం మాకు కలిసివచ్చింది. మేం ఈ రెండో దారినే ఎంచుకున్నాం. అయితే ఆ బీము స్లాబు పైన అడ్డంగా ఉంటుంది కాబట్టి మేడ మీద రెండు గదుల మధ్య తలుపు పెట్టుకునే వీలు పోతుంది. వరండా గుండానే తిరగాలి. ఇంత ముఖ్యమైన సంగతిని వారంతట వారు చెప్పలేదు. డ్రాయింగు చూసి మేం అడిగితే "అవును, అంతే" అన్నారు. ఇంట్లో ఉండబోయేవారికి ఇలాంటి మార్పులను ముందే విడమరిచి చెప్పడం కూడా డిజైన్ సేవలో భాగమేనని ఈ కార్యాలయం గుర్తించాలి.

వెనుక గదుల పునాది విషయంలో వారి ఆలోచన ఇంకా బాగుంది. మన వాళ్లలో పునాది ఎంత లోతుగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం గట్టిగా ఉంది. ఖాళీ స్థలంలో అది డబ్బు దండగ మాత్రమే. పాత గోడ పక్కన అది నేరుగా హాని. పాత పునాది మూడడుగుల లోతున ఆగితే, దాని పక్కనే అయిదడుగులు తవ్వినప్పుడు పాత పునాది కింది మట్టి పక్కకు జారడానికి దారి దొరుకుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న నేలల్లో, ఎగువ ఫుటింగు అడుగు అంచు నుంచి దిగువ ఫుటింగు అడుగు అంచుకు గీత గీస్తే, ఆ గీత రెండు పాళ్లు అడ్డంగా వెళ్లి ఒక పాలు మాత్రమే కిందికి దిగాలన్నది ఐఎస్ 1904 నియమం. అంటే రెండడుగులు ఎక్కువ లోతుకు వెళ్లదలిస్తే నాలుగడుగులు దూరం జరగాలి. అందువల్ల పాత గోడకు దగ్గరి వరుస ఫుటింగులను పాత పునాది మట్టంలోనే, మూడడుగుల లోతులోనే ఆపి, లోతు బదులు వెడల్పు పెంచారు. పెరటి చివర, పైన పూడిక మట్టి ఉన్న చోట మాత్రమే అయిదడుగులకు దింపారు. దగ్గరి వరుస పిల్లర్లను గోడకు ఆనించకుండా, ఫుటింగు పాత పునాది రాళ్ల మీదికి ఎక్కనంత దూరం వెనక్కి జరిపి, అక్కడి నుంచి బీములను గోడ వైపు ముందుకు చాచారు.

పాత గోడకూ కొత్త కట్టడానికీ మధ్య పునాది నుంచి స్లాబు దాకా 25 మిల్లీమీటర్ల సందు వదలమన్నారు. పాత ఇల్లు కుంగవలసినంత ఏనాడో కుంగి స్థిరపడింది; కొత్తది ఇప్పుడే బరువెక్కి, ఇప్పుడే కుంగడం మొదలుపెడుతుంది. రెండింటినీ కడ్డీలతో కలిపి కట్టేస్తే, ఆ తేడా అంతా కలిపిన చోటే పగులుగా తేలుతుంది. ఈ ఒక్క అంగుళం సందు గురించి ఇంట్లో జరిగినంత వాదన మరి దేని గురించీ జరగలేదు. చుట్టాల్లో ఒకరు "ఇల్లు కలుపుకోమంటే విడదీశారేమిటి" అని అడిగారు కూడా. సందులో థర్మోకోల్ పెట్టి, పైన వాన నీరు దిగకుండా ఒక పక్క మాత్రమే బిగించిన అల్యూమినియం పట్టీ వేశాక, లోపలి నుంచి చూసేవారికి అది గోడ మీద ఒక నిలువు పట్టీలా మాత్రమే కనిపిస్తోంది.

నూతి సంగతికి వస్తే, మూల పిల్లరును అక్కడి నుంచి తప్పించి, దానికి బదులు నూతికి రెండు పక్కలా రెండు పిల్లర్లు పెట్టి, వాటి మధ్య ప్లింత్ బీమును (గచ్చు మట్టం కింద పిల్లర్లను కలిపే బీమును) నూతి మీదుగా వంతెనలా దాటించారు. పైన ఆరడుగుల మేర చెత్త, పెంకులు, పాత ఇటుక ముక్కలతో ఉన్న పూడికను తీయించి, రాతి వరలను కదపకుండా, ఇసుకను పొరలు పొరలుగా తడుపుతూ దట్టించారు. ఆ గది నేలను కూడా ఈ పూడిక మీద ఆధారపడనివ్వకుండా బీముల మీద ఆనే స్లాబుగా మార్చారు. ఈ మార్పుకు కడ్డీ, కాంక్రీటు ఖర్చు కొంత పెరిగింది కానీ, పూడ్చిన నూతి మీద గచ్చు కుంగిన ఇళ్లను మా పేటలోనే చూసినవాళ్లం కనుక ఆ ఖర్చు గురించి ఎవరూ మారుమాట్లాడలేదు.

వెనుక గదికి స్లాబు బదులు రేకులు వేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని ఒక దశలో అడిగాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో చూసిన జిల్లాలు మనవి. తీరం వెంబడి ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా తీసుకోవాలన్నది కట్టడాల మీద పడే బరువులు, గాలి ఒత్తిళ్ల కోడ్ ఐఎస్ 875 లెక్క. తేలికైన కప్పు వేసినప్పుడు పునాది బరువును మోయడమే కాదు, గాలి పైకి లాగినప్పుడు కప్పును పట్టి ఉంచడం కూడా దాని పనే అవుతుందనీ, అప్పుడు ఫుటింగు చిన్నదవుతుందన్న ఆశ పెట్టుకోవద్దనీ చెప్పారు. మేం స్లాబుకే వెళ్లాం. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఇసుక నేల, పైపైనే ఊట ఉన్న ఇళ్లకు లెక్క వేరేగా ఉంటుందని కూడా అన్నారు. గొయ్యిలో నీళ్లు ఊరే చోట పాత గోడ పక్కన మోటారుతో నీళ్లు తోడితే నీటితో పాటు సన్న ఇసుక కూడా వచ్చేసి పాత పునాది కింద డొల్ల పడుతుందట. అక్కడి చదువరులు ఈ సంగతి గమనించగలరు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది డ్రాయింగులు. కొలతలన్నీ మిల్లీమీటర్లలో, సూచనలన్నీ ఇంగ్లీషులో. మన మేస్త్రులు, కడ్డీలు వంచేవారు అడుగులు, అంగుళాల్లో పని చేస్తారు. 1350 అన్న అంకె చూసి వారు నాలుగున్నర అడుగులని తేల్చుకునేలోపు ఎవరో ఒకరు సెల్‌ఫోనులో లెక్క చూడాలి. ఫుటింగు అడుగున కడ్డీలకు 50 మిల్లీమీటర్ల కవరు (కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం) ఉండాలన్న ముఖ్యమైన సూచన కాగితం మూలలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మేం పట్టుబట్టి కవరు బిళ్లలు వేయించకపోతే, కడ్డీల జాలీని నేరుగా గొయ్యి అడుగున వేసిన బెడ్ కాంక్రీటు మీద పరిచి పోసేసేవారే. కడ్డీల కొలతల పట్టిక అసలు ఇవ్వలేదు. అడిగితే దానికి వేరే ఫీజు అన్నారు. ఇంత తెలివైన డిజైన్ చేసి, దాన్ని చేతితో చేసేవారికి అర్థమయ్యే కాగితం ఇవ్వకపోవడం నాకు మింగుడు పడలేదు.

రెండోది, ఆలస్యం. నూతి దగ్గర పిల్లర్లను మార్చిన సవరణ డ్రాయింగు చెప్పిన వేళకు రాలేదు. గోతులు తెరిచి ఉండగా అకాల వర్షం కురిసింది. తవ్వకాన్ని వానాకాలంలో పెట్టుకోవద్దనీ, సంక్రాంతి తరువాతే మొదలుపెట్టమనీ, పాత గోడ వెంబడి ఒకేసారి కాకుండా ఒకటి విడిచి ఒకటిగా గోతులు తవ్వమనీ చెప్పింది వారే. ఆ సలహా పాటించినందువల్లే పాత గోడకు ఏమీ కాలేదు. కానీ నానిన అడుగు మట్టిని మళ్లీ తీయించి, ఆ మేర పలచని కాంక్రీటుతో నింపించవలసి వచ్చింది, ఆ ఖర్చు మా మీదే పడింది. తీరా వచ్చిన సవరణ కాగితంలో ఏది మారిందో గుర్తు పెట్టలేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పరిచి మేమే వెతుక్కున్నాం.

మూడోది, తనిఖీ. ఒప్పందం ప్రకారం కాంక్రీటు పోసే ముందు గోతులు చూడవలసింది అనుభవమున్న ఇంజనీరు. వచ్చింది మాత్రం కొత్తగా చేరిన కుర్రవాడు. గట్టు మీద నిలబడి ఫొటోలు తీసుకుని, సంతకం పెట్టబోయాడు. మూల గొయ్యిలో ఒక పక్క మట్టి రంగు తేడాగా ఉందని మా మేస్త్రే ఎత్తి చూపారు. చువ్వ దింపితే సులువుగా దిగింది, అది పాత సెప్టిక్ ట్యాంకు పక్కన నింపిన మట్టి అని తేలింది. నూతి గురించి అంత చక్కగా అడిగిన కార్యాలయం సెప్టిక్ ట్యాంకు గురించి అడగలేదు, డ్రాయింగులో గుర్తించనూ లేదు. అయితే కబురు చేయగానే పెద్ద ఇంజనీరు ఆ సాయంత్రమే వచ్చి, మెత్తటి మట్టి అంతా తీయించి, గట్టి నేల దాకా పలచని కాంక్రీటు నింపించి గాని కదల్లేదు.

ఫీజు విషయంలో పేచీ లేదు. చదరపు అడుగుల లెక్కన కాకుండా పని మొత్తానికి ఒకే సొమ్ము మాట్లాడుకున్నారు. అది వెనుక గదుల అంచనా వ్యయంలో రెండు శాతానికి లోపే ఉంది. మట్టి పరీక్ష రుసుము విడిగా ప్రయోగశాలకే చెల్లించాం. నగరపాలక సంస్థ అనుమతి పనిని వారు చేపట్టరు, దానికి వేరే లైసెన్సుదారును చూసుకోవాలి. ఎవరైనా ఇలాంటి కార్యాలయంతో మాట్లాడుకునేటప్పుడు, గోతుల తనిఖీకి ఎవరు వస్తారు, సవరణ డ్రాయింగు ఎన్ని రోజుల్లో ఇస్తారు, కడ్డీల పట్టిక ఫీజులో ఉందా లేదా అన్న మూడు సంగతులు ముందే కాగితం మీద రాయించుకోవాలని నా సూచన. అడుగులు, అంగుళాల్లో కూడా కొలతలు వేయమంటే వేసి ఇస్తారని నాకు తరువాత తెలిసింది. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

డిజైన్ బుద్ధికి అయిదుకు నాలుగున్నర, డ్రాయింగులకు, తనిఖీకి రెండున్నర వేస్తాను. వెనుక గదులు పూర్తయి ఒక వానాకాలం గడిచింది. సందు పట్టీ దగ్గర గాని, నూతి మీది గది గచ్చులో గాని ఇంతవరకు పగులు లేదు. మేడ కోసం సందుల్లో వేసిన రెండు ఫుటింగుల పిల్లర్లను నేల మట్టానికి మూడడుగుల పైన ఆపి, బయటికి ఉన్న కడ్డీలకు సిమెంటు పాలు పూయించి, వాటి చుట్టూ తరువాత సులువుగా పగలగొట్టగల పలచని కాంక్రీటు దిమ్మ కట్టించమన్నారు; ఆ పని కూడా అయింది. పైన వేయవలసిన బీము డ్రాయింగును మాత్రం మేడ మొదలుపెట్టే ఏడాదిలోనే ఇస్తామనీ, అప్పటికి కోడ్లు మారి ఉంటే లెక్క మళ్లీ చూడాలనీ చెప్పి, దాని తాలూకు ఫీజును ఇప్పుడు తీసుకోలేదు.